చెట్టు మొదట్లో చిన్న గీత

ముందు ఒక అడ్డగీత. దాన్ని మధ్యలో దాటుతూ పైనుంచి కిందికి ఒక నిలువు గీత. రెండూ కలిసిన చోటి నుంచి ఎడమకొకటి, కుడికొకటి ఏటవాలు గీతలు. ఇక్కడితో ఆపితే అది చెట్టు. పై అడ్డగీత కొమ్మలు, కింది వాలు గీతలు వేళ్ళు. ఆపకుండా నిలువు గీత అడుగున పొట్టిగా ఇంకో అడ్డగీత గీస్తే అర్థం చెట్టు నుంచి చెట్టు మొదలుకు దిగుతుంది. జపాన్‌లో ఒకటో తరగతి పిల్లలకు నేర్పే 80 కంజి అక్షరాల్లో, అంటే చైనా నుంచి వచ్చిన లిపిలో, ఇదొకటి. దీన్ని ఒకచోట ‘హొన్’ అనీ, మరోచోట ‘మొతొ’ అనీ చదువుతారు.

రాయడం ఒక పూటలో వస్తుంది. వాడుక అంత త్వరగా రాదు. పుస్తకాల కొట్టు బోర్డు మీద, దేశం పేరులో, పెన్సిళ్ళ లెక్కలో, జూడో గెలుపులో, ‘నిజంగానా?’ అని అడిగే ‘హొంతో?’లో, లెక్కలేనన్ని ఇంటిపేర్లలో ఈ ఐదు గీతలే ఉంటాయి. కంజిని ఎత్తేయాలని జపాన్‌లో నూటయాభై ఏళ్ళుగా పదేపదే వాదనలు లేచాయి. వాదించినవాళ్ళు ప్రతిసారీ అక్షరాలను లెక్కపెట్టారు: ఇన్ని వేలు పిల్లలు ఎలా మోస్తారని. ఒక్కో అక్షరం ఎన్ని మాటల్లోకి పాకిందో లెక్కపెట్టినవాళ్ళు తక్కువ. ఈ ఒక్క అక్షరం వెళ్ళిన దారి వెంట నడిస్తే ఆ వాదనలు ఎందుకు నెగ్గలేదో చాలావరకు తెలిసిపోతుంది.

ఇది పుట్టింది చైనాలో. పాతకాలపు కంచు పాత్రల మీద చెట్టు బొమ్మ వేసి, వేళ్ళ దగ్గర లావుగా చుక్కలు పెట్టేవారు. ఆ చుక్కలే పోనుపోను గీత అయ్యాయి. క్రీ.శ. 100 ప్రాంతంలో షూ షెన్ అనే పండితుడు 9,353 అక్షరాలతో నిఘంటువు కూర్చి, అక్షరాలన్నిటినీ ఆరు రకాలుగా విడదీశాడు. ఉన్నదాన్ని ఉన్నట్టు బొమ్మ గీసినవి ఒక రకం. బొమ్మకు గుర్తు తగిలించి ‘ఇదిగో, ఈ భాగం’ అని వేలు పెట్టి చూపించేవి ఇంకో రకం. చెట్టు మొదటి రకం, మొదలు ఈ రెండో రకం. దీనికి ఒక తోబుట్టువు కూడా ఉంది: గీత చెట్టు పైభాగంలో పెడితే ‘కొస’. ముఖ్యమైనది వదిలేసి చిల్లర సంగతి పట్టుకు వేలాడేవాణ్ణి జపాన్ వాళ్ళు మొదలూ కొసా తలకిందులు చేశావని దెప్పుతారు.

కొత్తగా నేర్చుకునేవాళ్ళు తడబడేది కూడా ఈ కుటుంబంలోనే. ‘కొస’ అక్షరంలో పై గీత పొడవు, దాని కింది గీత పొట్టి. ఆ కొలతలు అటూ ఇటూ అయితే ‘ఇంకా కాలేదు’ అనే వేరే అక్షరం తయారవుతుంది. జపాన్ బడుల్లో గళ్ళ నోటుపుస్తకం వాడేది అందంగా రాయాలని మాత్రమే కాదు. ఏ గీత ఏ గడిలో ఎంతవరకు పోవాలో కంటికి అలవాటు చేయాలి.

సముద్రం దాటి కంజి జపాన్‌కు చేరిన కథ మెల్లగా, వాయిదాల మీద జరిగింది. 1784లో ఫుకువొక దగ్గర షికనొషిమ దీవిలో ఒక బంగారు ముద్ర దొరికింది. క్రీ.శ. 57లో చైనా హాన్ చక్రవర్తి అక్కడి చిన్న రాజ్యం దూతకు ఇచ్చిన ముద్ర అదేనని చరిత్రకారులు గుర్తిస్తారు. దాని మీద ఐదే అక్షరాలున్నాయి. అందుకున్నవాళ్ళకు బహుశా అది చదవాల్సిన రాత కాదు, పరపతికి గుర్తు. నాలుగు వందల ఏళ్ళ తర్వాతి సంగతి వేరు. సైతమ ప్రాంతంలో ఇనరియమ అనే పాత సమాధి దిబ్బలో దొరికిన ఇనుప కత్తిని 1978లో ఎక్స్‌రే తీస్తే, తుప్పు కింద బంగారం పొదిగిన 115 అక్షరాలు బయటపడ్డాయి. 471 నాటిదని ఎక్కువమంది ఒప్పుకునే ఆ రాతలో జపాన్ మనుషుల పేర్లను చైనా అక్షరాల ధ్వనులతో కూడబలుక్కుని రాశారు. అర్థంతో పని లేదు, చప్పుడు సరిపోతే చాలు.

పాత గాథలో మాత్రం ఈ కథ ఒక్క ప్రయాణంతో తేలిపోతుంది. 712లో కూర్చిన ‘కొజికి’ ప్రకారం వని అనే పండితుడు కొరియా నుంచి కన్ఫ్యూషియస్ సూక్తులనూ, ‘వెయ్యి అక్షరాల పాఠా’న్నీ పట్టుకొచ్చాడు. చిక్కేమిటంటే ఆ వెయ్యి అక్షరాల పాఠాన్ని చైనాలో రచించింది ఆరో శతాబ్దం తొలినాళ్ళలో. వని వచ్చాడని చెప్పే చక్రవర్తి కాలం అంతకు చాలా ముందు. పుస్తకం పుట్టకముందే పడవెక్కిందన్నమాట.

జపాన్ గడ్డ మీద మన ఐదు గీతల అక్షరం కనిపించే తొలి చోట్లలో ఒకటి డబ్బు. నార ప్రాంతంలోని అసుకలో ఏడో శతాబ్దపు కార్ఖానా తవ్వకాల్లో రాగి నాణేలు దొరికాయని 1999 జనవరిలో ప్రకటించారు. నడుమ చదరపు బెజ్జం, దాని పైన ‘సంపద’ అనే అక్షరం, కింద ‘మొదలు’ అనే అక్షరం. సంపదకు మూలం అని అర్థం. రెండూ కలిపి ‘ఫుహొన్’ అని చదువుతారు. అప్పటిదాకా 708 నాటి నాణేలే దేశంలో మొదటివని బడిపుస్తకాలు చెబుతూ వచ్చాయి, ఈ వార్తతో వాటిని మార్చుకోవాల్సి వచ్చింది. నాణెం మీది అక్షరాన్ని దగ్గరగా చూస్తే చెట్టు ఆనవాలే ఉండదు. ‘పెద్ద’ అనే అక్షరం కింద ‘పది’ అనే అక్షరం నిలబెట్టినట్టు ఉంటుంది. ఆ కాలపు లేఖకులు అలాగే రాసేవారు, చేతిరాతలో ఆ రూపం ఆ తర్వాత కూడా శతాబ్దాల పాటు బతికింది. ఇప్పుడు బడిలో నేర్పేదే మొదటినుంచీ ఉన్న ఏకైక రూపం అనుకునేవాళ్ళకు ఆ నాణెం చూపించాలి.

అప్పట్లో కాగితం ఖరీదు. గుమాస్తాలు రోజువారీ లెక్కలు సన్నటి చెక్క పలకల మీద రాసేవారు. పని అయిపోగానే చిన్న కత్తితో పై పొర చెక్కేస్తే మళ్ళీ కొత్త పలక. అందుకే ఆ ఉద్యోగులను కత్తీ కుంచే పట్టినవాళ్ళని పిలిచేవారు. నారలోని పాత రాజధాని ఆవరణలో ఇలాంటి పలకలు 1961లో మొదటిసారి బయటపడ్డాయి. దేశం మొత్తం మీద ఇప్పటిదాకా తవ్వి తీసినవి, చెక్కిన పొట్టు ముక్కలతో కలిపి, లక్షల్లో ఉన్నాయి. వాటిలో పన్నుల చీటీలూ సరుకుల చిరునామాలూ ఎక్కువ. కొన్నిటి మీద మాత్రం ఒకే అక్షరం మళ్ళీ మళ్ళీ, ఒకసారి బాగా, ఒకసారి వంకరగా రాసి ఉంటుంది. పని లేని వేళ గుమాస్తా చేయి సాధన చేసిన గుర్తులవి. కంజి నేర్చుకునే పద్ధతి పదమూడు వందల ఏళ్ళలో ఈ ఒక్క విషయంలో ఏమీ మారలేదు.

దేశం పేరులోకి ఈ అక్షరం చేరింది కూడా ఆ కాలంలోనే. చైనా వాళ్ళు ఈ దీవులను ‘వ’ అనేవారు. దానికి వాడిన అక్షరం అంత గౌరవమైనది కాదు. 607లో జపాన్ పంపిన లేఖలో తమది సూర్యుడు ఉదయించే చోటని రాసుకుంటే, చైనా చక్రవర్తికి కోపం వచ్చిందని అక్కడి చరిత్ర గ్రంథమే చెబుతుంది. ఏడో శతాబ్దం చివరికి ‘సూర్యుడు’, ‘మొదలు’ అనే రెండు అక్షరాలూ పక్కపక్కన చేరి దేశం పేరుగా స్థిరపడ్డాయి. 702లో వెళ్ళిన రాయబారులు చైనా దర్బారులో ఆ కొత్త పేరే చెప్పుకున్నారు. సూర్యుడికి మొదలు ఎక్కడ? చైనా వైపు నుంచి చూస్తే తూర్పున, అంటే జపాన్‌లో. సొంత దేశానికి పక్కింటి కిటికీలోంచి చూసి పేరు పెట్టుకున్నట్టుంది.

రాత స్థిరపడినా పలుకుబడి ఈనాటికీ స్థిరపడలేదు. ‘నిహొన్’ అనేవాళ్ళున్నారు, ‘నిప్పొన్’ అనేవాళ్ళున్నారు. 1934లో విద్యాశాఖ సంఘం ఒకటి ‘నిప్పొన్’ ఉండాలని సూచించినా అది చట్టం కాలేదు. నోట్ల మీద, తపాలా బిళ్ళల మీద రోమన్ లిపిలో ‘నిప్పొన్’ అని ఉంటుంది, మామూలు మాటల్లో ‘నిహొన్’ ఎక్కువ వినిపిస్తుంది. ఏదో ఒకటే ఉండాలన్న అవసరం లేదని 2009లో ప్రభుత్వమే పార్లమెంటు సభ్యుడికి జవాబిచ్చింది. రాసేటప్పుడు ఈ తగాదా కనిపించదు, ఎలా పలికినా అవే రెండు అక్షరాలు.

ఒక అక్షరానికి రెండు మూడు ఉచ్చారణలు ఉండటం తెలుగువాళ్ళకు వింతగా తోచవచ్చు. చైనా నుంచి అక్షరంతో పాటు దాని పేరూ వచ్చింది, అది ‘హొన్’. అదే అర్థానికి జపాన్ వాళ్ళ నోట అప్పటికే ‘మొతొ’ అనే మాట ఉంది. రెండిటిలో దేన్నీ వదులుకోలేదు. ‘కొజికి’ కూర్చిన ఓ నొ యసుమరొ తన ముందుమాటలో ఈ బాధ గురించే చెప్పుకున్నాడు. అర్థం పట్టుకుని రాస్తే మాట మనసుకు అందదు, ధ్వని పట్టుకుని రాస్తే చాంతాడంత అవుతుంది. అందుకని రెండూ కలిపి వాడుకున్నాడు. ఆ రాజీ ఇంకా నడుస్తోంది.

చెట్టు మొదలుకు పుస్తకంతో చుట్టరికం ఎలా కలిసింది? నకలు రాసే పని ద్వారా. ముద్రణ లేని కాలంలో ప్రతి పుస్తకమూ మరో పుస్తకాన్ని చూసి రాసిందే. దేన్ని చూసి రాస్తారో అదే మూలం, అదే ‘హొన్’. నార రాజధానిగా ఉన్న కాలంలో బౌద్ధ సూత్రాలకు నకళ్ళు తీయడానికి ప్రత్యేకంగా కార్యాలయం ఉండేది. అక్షరం తప్పినా వరుస జారినా లేఖకుడి కూలిలో కోత పడేదని షొసొయిన్ భాండాగారంలో దాచిన ఆనాటి కాగితాలు చెబుతున్నాయి. కూలి కోత భయం ఉన్నచోట మూలప్రతికి విలువ ఎంతో వేరే చెప్పక్కర్లేదు. మెల్లగా మూలప్రతిని అన్న మాట ఏ పుస్తకానికైనా వాడుకైపోయింది. ముద్రణ కూడా ఈ దేశంలో తొందరగానే వచ్చింది. 770 నాటికి షోతొకు మహారాణి పది లక్షల చిన్న చెక్క స్తూపాలు చేయించి, ఒక్కోదానిలో అచ్చు వేసిన ధారణీ మంత్రం ఉంచింది. కానీ అవి చదవడానికి కాదు, పుణ్యానికి. పుస్తకం బజారుకు రావడానికి ఇంకా ఎనిమిది వందల ఏళ్ళు పట్టింది.

చేతిరాత నేర్చుకునే పిల్లవాడి ముందు గురువు పెట్టే నమూనా కాగితాన్ని ‘తెహొన్’ అంటారు. చేతికి మూలం. ఎడో కాలంలో, అంటే 1603 నుంచి 1868 వరకు, ఊరూరా పుట్టుకొచ్చిన తెరకొయ బడుల్లో చదువంతా దీని చుట్టూనే తిరిగేది. పేరులో ‘తెర’, అంటే గుడి, ఉన్నా వాటిని నడిపినవాళ్ళలో అర్చకులే కాదు, ఉద్యోగం చాలని సమురాయ్‌లు, వైద్యులు, ఊరి పెద్దలు, పట్నాల్లో కొందరు స్త్రీలూ ఉండేవారు. ఎడో కాలం ముగిశాక వచ్చిన మెయిజి ప్రభుత్వం పోగుచేసిన వివరాల్లో ఇలాంటి బడులు పదిహేను వేలకు పైగా లెక్కకొచ్చాయి. అందరికీ ఒకే పాఠం ఉండేది కాదు. గురువు ఒక్కో పిల్లవాడికి విడిగా తెహొన్ రాసిచ్చేవాడు. ముందు ధ్వనులను రాసే కన లిపి, తర్వాత అంకెలు, ఆపైన ఇంటిపేర్లలో వచ్చే అక్షరాలు, చుట్టుపక్కల ఊళ్ళ పేర్లు. వర్తకుల పిల్లలైతే సరుకుల పేర్లూ చీటీల భాషా ఉన్న ‘షోబాయ్ ఓరాయ్’ లాంటి పుస్తకం. ఇంటిపేర్ల జాబితాలో, ఊళ్ళ జాబితాలో మన అక్షరం తప్పకుండా తగిలేది. పిల్లలు కంజిని కష్టం ప్రకారం కాకుండా అవసరం ప్రకారం నేర్చుకున్న కాలం అది.

రాసిన కాగితం మీదే మళ్ళీ రాసేవారు. కాగితమంతా నల్లబడిపోయినా ఆపేవారు కాదు. ఆరిన సిరా మీద తడి సిరా మెరుస్తుంది కాబట్టి కొత్త గీత కంటికి ఆనుతుంది. ఇదంతా చదివి బుద్ధిమంతులైన పిల్లలు వరుసగా కూర్చున్న బడిని ఊహించుకోనక్కర్లేదు. చిత్రకారుడు వతనబె కజన్ 1818లో వేసిన ఒక బొమ్మల పుస్తకంలో తెరకొయ గది ఉంది. అందులో కొందరు రాస్తుంటే కొందరు కొట్టుకుంటున్నారు, గది గదంతా రచ్చ. అయినా ఆ గదుల్లోంచి వచ్చినవాళ్ళలో కొందరైనా గురువు పోయాక చందాలు వేసుకుని సమాధి రాయి నిలబెట్టారు. అలాంటి శిష్యులు కట్టిన రాళ్ళు ఊళ్ళల్లో ఇప్పటికీ ఉన్నాయి.

చదవడం వచ్చినవాళ్ళు పెరిగితే పుస్తకాల వ్యాపారం పెరగకుండా ఉండదు. 1808లో ఒక్క ఎడో నగరంలోనే, అంటే ఇప్పటి టోక్యోలో, పుస్తకాలు అద్దెకిచ్చేవాళ్ళు 656 మంది ఉన్నారు. పుస్తకాల మూట వీపున వేసుకుని ఇల్లిల్లూ తిరిగేవారు. కొనలేనివాళ్ళు కూడా కొత్త కథలు చదివింది వాళ్ళ చలవే. పుస్తకాల రకాలకు కూడా ఈ అక్షరమే తోక. పిల్లల ఎర్ర అట్ట పుస్తకం ‘అకహొన్’, చదువుకునే పెద్ద కథ ‘యొమిహొన్’, భోగపు వీధుల సరదా కబుర్లు ‘షరెబొన్’, నవ్వించేది ‘కొక్కెయ్‌బొన్’. ముందున్న మాటను బట్టి ‘హొ’ కాస్తా ‘బొ’ అవుతుంది. నిహొన్‌బషి పేటలో కొట్టు పెట్టిన ప్రచురణకర్త త్సుతయ జూజబురొ (1750–1797) ఈ రకాలన్నిటితోనూ ఆడుకున్నాడు. 1791లో సంతొ క్యోదెన్ అనే రచయిత షరెబొన్‌లు మూడింటిని అతడు అచ్చువేస్తే, నీతి పేరుతో ప్రభుత్వం విరుచుకుపడింది. రచయితకు యాభై రోజులు ఇంట్లోనే చేతులకు బేడీలు. ప్రచురణకర్తకు ఆస్తిలో సగం జరిమానా అని చెబుతారు.

లెక్కల సంగతికి వస్తే భాష తిక్క బయటపడుతుంది. జపనీస్‌లో వస్తువును బట్టి అంకెకు తోక మారుతుంది. చెట్లు, పెన్సిళ్ళు, గొడుగులు, సీసాలు ఇలా పొడుగ్గా ఉన్నవాటికి ఈ అక్షరమే తోక: ‘ఇప్పొన్, నిహొన్, సంబొన్’. ఒకటికి ప, రెండుకు హ, మూడుకు బ. పొడుగు లేనివీ దీని కిందికొచ్చి చేరాయి: సినిమాలు, ఫోన్ కాల్స్, బేస్‌బాల్‌లో హోమ్‌రన్‌లు. జూడోలో పోటీని అక్కడికక్కడ ముగించే పట్టు ‘ఇప్పొన్’ కూడా ఇదే. మరి పుస్తకాలను? వాటిని ‘సత్సు’ అనే వేరే తోకతో లెక్కపెడతారు. చైనాలోనేమో సరిగ్గా తలకిందులు. అక్కడ పుస్తకానికి మాట వేరు, కానీ పుస్తకాలను లెక్కపెట్టేది ఈ అక్షరంతో. ‘నిహొన్’ అంటే రెండు పెన్సిళ్ళా, జపాన్ దేశమా అన్నది స్వరం ఎక్కడ దిగుతుందో దాన్ని బట్టి తెలుస్తుంది.

ఇంటిపేర్ల కథ ఇంకా కొత్తది. ఎడో కాలంలో మామూలు జనం ఇంటిపేరు బాహాటంగా వాడుకోకూడదు. 1870లో ప్రభుత్వం అనుమతిచ్చింది, 1875లో తప్పనిసరి చేసింది. పాతవీ కొత్తవీ కలిసి పేర్లు పట్టికలకెక్కాయి. కొండ మొదట్లో ఉన్నవాళ్ళు యమమొతొ, వంతెన దగ్గరివాళ్ళు హషిమొతొ, పైన్ చెట్ల దగ్గరివాళ్ళు మత్సుమొతొ. అక్షరం ముందుకొస్తే మళ్ళీ ఉచ్చారణ మారి ‘హొన్’ అవుతుంది. పొలం అక్షరంతో కలిసి హోండా అయింది అలాగే. సొయిచిరొ హోండా 1948లో కంపెనీ పెట్టాడు. 1984లో భారత్‌లోని హీరో కంపెనీతో పొత్తు కుదిరాక ఆ పేరు తెలుగు పల్లెల మట్టిరోడ్ల దాకా వచ్చింది. బండి ట్యాంకు మీద చెట్టు మొదలు ఉందని ఎవరికీ తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. జపాన్‌లో మాత్రం ఆ చిన్న గీత మర్చిపోతే యమమొతొ గారు యమకి గారైపోతారు, అలాంటి ఇంటిపేరూ నిజంగానే ఉంది.

కంజి మీద మొదటి పెద్ద దాడి తెరకొయల కాలం ముగుస్తుండగా వచ్చింది. మయెజిమ హిసొక అనే యువ అధికారి 1866లో చివరి షోగన్ (సైనిక పాలకుడు) తొకుగవ యొషినొబు పేర ఒక అర్జీ రాశాడు. కంజిని పూర్తిగా రద్దు చేసి పిల్లలకు కన లిపి మాత్రం నేర్పాలని దాని సారాంశం. అక్షరాలు బట్టీపట్టడంలోనే బాల్యం ఖర్చైపోతోందని అతని ఆవేదన. అది అబద్ధం కాదు. అర్జీ ఫలించలేదు, షోగన్ పదవే పోయింది. మయెజిమ 1871లో ఆధునిక తపాలా వ్యవస్థ స్థాపించి, తర్వాత ఒక యెన్ తపాలా బిళ్ళ మీద బొమ్మయ్యాడు. గద్దె దిగిన యొషినొబు చాలాకాలం బతికాడు. దేశంలోని ఐదు రహదారులకు మొదలైన నిహొన్‌బషి వంతెనను 1911లో రాతితో కొత్తగా కట్టినప్పుడు, దాని పేరు రాసిచ్చింది ఆయనే. కంజిలోనూ రాశాడు, కనలోనూ రాశాడు. 1963లో ఆ వంతెన నెత్తిన ఎక్స్‌ప్రెస్‌వే వేసినా ఆ చేతిరాత ఫలకాలు అక్కడే ఉన్నాయి.

1872లో కొత్త విద్యావిధానం వచ్చింది. తెహొన్ స్థానంలోకి పలకా, నల్లబల్లా, అమెరికా వాచకాన్ని చూసి తయారుచేసిన ‘తొకుహొన్’ వచ్చాయి. మరుసటి ఏడాది ఫుకుజవ యుకిచి మధ్యేమార్గం చెప్పాడు: ఒక్కసారి రద్దు కుదరదు, కష్టమైనవి మానుకుంటూ పోతే రెండు మూడు వేలు చాలు. చరిత్ర చివరికి ఆయన చెప్పిన అంకె దగ్గరికే వచ్చి ఆగింది. 1900లో ప్రాథమిక బడి పిల్లలకు సుమారు 1,200 అక్షరాలని హద్దు పెట్టారు.

కంజిని యంత్రం ఒప్పుకోదన్నది ఇంకో వాదన. 1915లో జపనీస్ టైప్‌రైటర్ కనిపెట్టిన మనిషి పేరు సుగిమొతొ క్యోత. సుగి చెట్టు మొదలు అని అతని ఇంటిపేరు! పళ్ళెంలో వేలకొద్దీ అచ్చులు పరిచి, ఒక్కొక్కటే కొండితో ఎత్తి కాగితం మీద కొట్టే యంత్రం అది. నెమ్మది, బరువు, నేర్చుకోవడం కష్టం. అయినా 1980ల దాకా ఆఫీసుల్లో ఉంది.

ఈ వాదనల నడుమ తెలుగువాళ్ళకు తెలిసిన ముఖం ఒకటి కనిపిస్తుంది. కన అక్షరాల వరుస అ, ఇ, ఉ, ఎ, ఒ. ఆపైన క, స, త, న, హ, మ, య, ర, వ. బౌద్ధ సన్యాసులు సంస్కృత మంత్రాల కోసం సిద్ధం లిపి చదువుకుంటూ తయారుచేసుకున్న క్రమం ఇది, మన వర్ణమాలకు దగ్గర బంధువు. తెరకొయల్లో పిల్లలు మాత్రం ‘ఇరొహ’ అనే వేరే వరుస వల్లించేవారు. ఓత్సుకి ఫుమిహికొ 1889–91లో తెచ్చిన ‘గెంకాయ్’ నిఘంటువు ఈ భారతీయ క్రమాన్ని పాటించింది, నెమ్మదిగా బడులూ టెలిఫోన్ డైరెక్టరీలూ అదే దారి పట్టాయి. అందుకే జపనీస్ నేర్చుకునే తెలుగు ఇంజనీర్లకు కన పట్టిక చప్పున ఎక్కుతుంది. ఆ తర్వాత కంజి దగ్గరకొచ్చేసరికి ఆ వెసులుబాటు పోతుంది.

కంజి మీద రెండో పెద్ద దాడి రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ ఓడాక. 1946 మార్చిలో వచ్చిన అమెరికా విద్యాబృందం రోమన్ లిపి వాడమని సలహా ఇచ్చింది. అదే ఏడాది నవలాకారుడు షిగ నఒయ ఏకంగా ఫ్రెంచిని జాతీయభాష చేసుకుందామన్నాడు, ఆయనకు ఫ్రెంచి రాకపోయినా. ప్రభుత్వం నవంబరులో 1,850 అక్షరాల జాబితా ప్రకటించింది. చాలావాటి గీతలు తగ్గించారు. ‘ఒళ్ళు’ అనే అక్షరానికి పాతరూపంలో 23 గీతలు. జనం ఎప్పటినుంచో చేతిరాతలో వాడుతున్న ఏడు గీతల పొట్టిరూపానికే ఇప్పుడు అధికారిక హోదా వచ్చింది: మనిషి, పక్కన మన ‘మొదలు’. మొదటి ఏడాది అక్షరం తెలిసిన పిల్లవాడు రెండో తరగతిలో దీన్ని ఇట్టే పట్టేస్తాడు.

1948 ఆగస్టులో దేశమంతా సుమారు 17,000 మందికి చదువు పరీక్ష పెట్టారు. కంజి వల్ల జనం చదువుకు దూరమయ్యారని తేలితే రోమన్ లిపికి బలం వచ్చేది. బొత్తిగా సున్నా తెచ్చుకున్నవాళ్ళు 1.7 శాతమే. రోమన్ లిపి మాట ఆ తర్వాత గట్టిగా వినబడలేదు. అప్పటినుంచి జాబితా పెరుగుతూనే ఉంది: 1981లో 1,945, 2010లో 2,136. ప్రాథమిక బడిలో నేర్పేవి 2020 నుంచి 1,026.

యంత్రం వాదనకు జవాబు 1978లో దొరికింది. తోషిబా ప్రకటించిన జేడబ్ల్యూ-10 వర్డ్ ప్రాసెసర్ ఒక బల్లంత ఉండేది, ధర 63 లక్షల యెన్‌లు. కనలో కొడితే కంజిగా మార్చిపెట్టేది. ఇప్పుడు అదే పని జేబులో ఫోన్ చేస్తోంది. ‘హొన్’ అని కొడితే వరుసగా అక్షరాలు చూపిస్తుంది, వేలితో తాకితే చాలు. దానికీ ఒక వెల ఉంది. 2012లో సాంస్కృతిక శాఖ బయటపెట్టిన సర్వేలో, కంజిని చేత్తో సరిగ్గా రాసే శక్తి తగ్గిందని 66.5 శాతం మంది ఒప్పుకున్నారు. చదవడం వచ్చు, రాయబోతే చేయి ఆగిపోతుంది.

విచిత్రంగా, రాయడం తగ్గిన కాలంలోనే ఎలా రాస్తే ఒప్పు అన్న పట్టుదల పెరిగింది. గీతల క్రమం మీద విద్యాశాఖ 1958లో మార్గదర్శిని ఇచ్చింది. ఇదే ఏకైక పద్ధతి కాదని అందులోనే ఉన్నా, బడుల్లో అది శాసనంలా నాటుకుంది. గీత చివర ఆపాలా, కొక్కెంలా పైకి లేపాలా, జారవిడవాలా అన్నదానికి మార్కులు పోయేవి. కంప్యూటర్ అచ్చులో కనిపించే రూపమే అసలైనదని నమ్మి, చేత్తో రాసిన పేరును కౌంటర్ల దగ్గర మళ్ళీ రాయించిన సందర్భాలూ వచ్చాయి. దాంతో 2016లో సాంస్కృతిక శాఖ ఇంకో మార్గదర్శిని తేవలసి వచ్చింది. చెట్టు అక్షరంలో నిలువు గీత అడుగున కొక్కెం ఉన్నా లేకున్నా తప్పు కాదని అందులో స్పష్టంగా ఉంది. ‘పెద్ద’ కింద ‘పది’ పెట్టిన నాణెం నాటి రూపానికి మాత్రం ఈ మినహాయింపు లేదు. ఒకటో తరగతి పిల్లవాడు ఇవాళ అలా రాస్తే టీచర్ ఎర్ర సిరాతో కొట్టేస్తారు.